కుదరదన్నాను

నన్ను బడి నుంచి తీసేసినారని ధర్మవరంలో ఇప్పటికీ కొందరు చెప్పుకుంటారు. అది అబద్ధం. నేనే బయటికి వచ్చేసినాను, అదీ పట్టపగలు, అందరూ చూస్తుండగా. ఎట్లా వచ్చేసినానో నా నోటితోనే చెబుతాను.

నేను సోషల్ టీచరుని. పెళ్ళయి ధర్మవరం వచ్చినప్పటి నుంచి ఒకే ప్రైవేటు స్కూల్లో పని చేసినాను. మా ఆయన ఇంట్లోనే పట్టుచీరలు నేస్తాడు. ఆయన, మా అత్త, ఏడో తరగతి చదివే మా పాప, నేను, ఇంట్లో సగం ఆక్రమించుకున్న మగ్గం. ఇదీ మా సంసారం.

మా స్కూలుది రేకుల కప్పు. గదికీ గదికీ మధ్య గోడ లేదు, చెక్క అడ్డం పెట్టినారు. అడ్డానికి అవతల లెక్కల సారు. ఆయన గొంతు పెంచితే నేనూ పెంచాల, నేను పెంచితే ఆయన ఇంకొంచెం పెంచుతాడు. ఆ ఏడాది మధ్యలో ఒక టీచరమ్మ మానేసింది. ఆమె బదులు ఎవర్నీ తీసుకోలేదు. పదో తరగతి రెండు సెక్షన్లనూ కలిపి నా గదిలోకి తోలేసినారు. బెంచీలు చాలక కొంతమంది పిల్లలు కిటికీ దిమ్మెల మీద కూర్చునేవాళ్ళు. వెనక వరసకు వినపడాలంటే అరవాల్సిందే. ఎండాకాలం సెలవుల్లో అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరగమంటారు, సాయంత్రమైతే తల్లిదండ్రుల ఫోన్లు. సెప్టెంబరులో టీచర్ల దినం నాడు మాత్రం శాలువా కప్పి, టీచరంటే కొవ్వొత్తి, తాను కరిగి వెలుగిస్తుంది అని కరస్పాండెంటు మైకులో పొగుడుతాడు. ప్రతి ఏడూ అదే మాట. కరిగిపోయేది నేను కాబట్టి ఆయనకు ఆ పోలిక బాగానే ఉండేది.

దసరా నుంచే గొంతు బొంగురుపోయింది. మిరియాల కషాయం తాగినాను, ఉప్పునీళ్ళు పుక్కిలించినాను. సంక్రాంతి సెలవులు అయిపోయి స్కూలుకు పోయిన మొదటి రోజు, అటెండెన్సు పిలుద్దామని నోరు తెరిస్తే గాలి వచ్చింది, మాట రాలేదు. పిల్లలు నవ్వినారు. మళ్ళీ తెరిచినాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మరుసటి రోజు మా ఆయన మగ్గం ఆపి, నన్ను రైల్లో హిందూపురం తీసుకపోయినాడు. చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గర కూర్చున్నాం.

"ఏం పని చేస్తారమ్మా?" అన్నాడు డాక్టరు.

నేను చేతులు ఆడిస్తుంటే మా ఆయనే చెప్పినాడు, "టీచరమ్మ సార్."

"అనుకున్నాలే. ఇట్లాంటి గొంతులు నాకు రెండు చోట్ల నుంచి వస్తాయి. ఒకటి మీ స్కూళ్ళు, రెండు బస్టాండులో ఊర్ల పేర్లు పెట్టి కేకలేసేవాళ్ళు."

సన్నటి గొట్టం లోపలికి దించి, టీవీలో నా గొంతు నాకే చూపించినాడు. రెండు తెల్లటి నరాల్లాంటివి, వాటి మీద జొన్నగింజంత బొడిపెలు, ఎదురెదురుగా. అరిచి అరిచి అవి రాసుకోవడం వల్ల కాయలు కాసినాయంట. మా ఆయన తెర వైపు చూసి, తన వేళ్ళ వైపు చూసుకొని, "నా చేతులకు కాసినట్లే కాసినాయి గదా," అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో నా చెయ్యి వదల్లేదు.

నెల దినాలు మాట్లాడకూడదు. గుసగుస కూడా వద్దు, దాంతో గొంతుకు ఇంకా శ్రమ. డాక్టరు చెప్పింది అంతే.

ఇంట్లో మా ఆయన ఆ మాట చెప్పగానే మా అత్త కంగారు పడింది. పాప మాత్రం మామూలుగా అన్నం కలుపుకుంటా అనేసింది:

"అమ్మ ఎప్పుడు మాట్లాడిందని? ఇస్కూల్లో అంతా అయిపోగొట్టుకొని వస్తాది. ఇంటికొచ్చినాక ఊ, ఊహూ, అంతే గదా."

అది కోపంతో అన్న మాట కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నేను కంచం ముందు నుంచి లేచి పెరట్లోకి పోయినాను. ఏడవలేదు. నాకు ఒళ్ళు మండింది. ఊర్లో పిల్లలందరికీ దేశాలూ నదులూ చెప్పే గొంతులో నా బిడ్డకు ఒక్క మాట కూడా మిగల్లేదంటే, ఎవరు తీసుకున్నారు దాన్ని?

కరస్పాండెంటును సెలవు అడగడానికి మా ఆయన వచ్చినాడు.

"పబ్లిక్ పరీక్షలు పెట్టుకొని సెలవెట్లప్పా?" అన్నాడు కరస్పాండెంటు. "మాట్లాడొద్దులే. వచ్చి నిలబడితే చాలు."

సరే, నిలబడినాను. కానీ ఊరికే నిలబడడం నాకు చేతకాదు. నల్లబల్ల నిండా మ్యాపు గీసినాను. పిల్లలను ఒకరి తర్వాత ఒకరిని లేపి చదివించినాను. ప్రశ్న బల్ల మీద రాస్తాను, జవాబు ఎవరికి తెలిస్తే వాళ్ళొచ్చి రాయాల. తప్పు రాస్తే తల అడ్డంగా ఊపుతాను, ఇంకొకరు లేస్తారు. రెండో రోజుకే గది నిమ్మళమైపోయింది. నేను అరవనందుకు వాళ్ళూ అరవలేదు. ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్ల చిత్రావతి నది ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో వేలు పెట్టి చూపించింది. లెక్కల సారు చెక్క అడ్డం పక్క నుంచి తల పెట్టి, "ఏమబ్బా, పిల్లోల్లను ఇంటికి తోలేసినారా?" అని అడిగినాడు. క్లాసంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వినాను, సద్దు లేకుండా.

ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ రోజు గంట కొట్టినప్పుడు 'అప్పుడేనా' అనిపించింది. అప్పుడు నాకు అర్థమైంది. పాఠం చెప్పడం నన్ను అలసగొట్టలేదు. ఆ గది, ఆ గుంపు, ఆ అరుపులు అలసగొట్టినాయి. నేను చేసే పనిలో తప్పు లేదు.

ఆ శనివారం స్టాఫ్ మీటింగు పెట్టినారు. కరస్పాండెంటు సీసీ కెమెరాలో నా క్లాసు చూసినాడంట. చాలా మెచ్చుకున్నాడు. మెచ్చుకొని, "ఆ క్లాసు ఎంత సైలెంటుగా ఉండాదో చూడండి. ఇంక తొమ్మిదో తరగతిని కూడా ఆడనే కూర్చోబెడదాం, సోషలు ఒకేసారి అయిపోతాది. ఒక గది ఖాళీ అవుతాది," అన్నాడు.

టీచర్లందరూ ఒళ్ళోకి చూసుకుంటున్నారు. అందరి గొంతులూ బొంగురే. నాకు వాళ్ళ మీద కోపం రాలేదు, ఇళ్ళు నడవాల గదా. నేను లేచి నిలబడినాను. డాక్టరు మాట గుర్తుంది. అయినా నోరు తెరిచినాను.

"కుదరదు."

పగిలిన తప్పెట మీద కొట్టినట్టు వచ్చింది ఆ మాట. అందరూ ఉలిక్కిపడినారు.

"ఏమమ్మా, నోరు రాదంటివే?" అన్నాడు కరస్పాండెంటు.

"దీనికి మాత్రం వస్తాది," అన్నాను. "పదో తరగతిని మళ్ళీ రెండు చేయండి. పరీక్షలయ్యేదాకా చెబుతాను. లేకపోతే ఇప్పుడే పోతాను."

"పోతే పో. నీలాంటోళ్ళు వరసలో నిలబడి ఉండారు."

టిఫిను క్యారియరు తీసుకొని బయటికి నడిచినాను. గేటు దగ్గర లెక్కల సారు వెనకే వచ్చి, "నేను ఆ మాట అనలేకపోయినానమ్మా," అన్నాడు. ఆయన చెయ్యి తట్టి వచ్చేసినాను.

పదో తరగతి పిల్లలను వదిలేసిందని ఊర్లో మాటలు పడినాయి. నేను వదల్లేదు. సోమవారం సాయంత్రం కొంతమంది ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకొని మా ఇంటికొచ్చినారు. మర్నాడు మగపిల్లలూ వచ్చినారు. మా ఆయన వాళ్ళు వచ్చే వేళకు మగ్గం ఆపేసేవాడు. "దీని సద్దు మీద నువ్వు అరవాల్సిన పని లేదు," అని మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంతలోంచి లేచిపోయేవాడు. నేను మాట్లాడకుండానే పరీక్షల దాకా చెప్పినాను. కరస్పాండెంటు ఫోన్ చేసి, "మా పిల్లలకు ట్యూషను పెట్టినావంట," అని గద్దిస్తే మా అత్త అందుకొని, "ఆమె మాట్లాడకూడదప్పా, డాక్టరు చెప్పినాడు," అని పెట్టేసింది.

జూన్ లో పెనుకొండలో ఒక చిన్న స్కూల్లో చేరినాను. జీతం తక్కువ. రోజూ రైలెక్కి పోయిరావాల. చేరే ముందు అక్కడి హెడ్మాస్టరమ్మను ఒక్కటే అడిగినాను, గది గదికీ గోడలు ఉన్నాయా అని. ఆమె నవ్వి, లేచి, గోడ తట్టి చూపించింది.

నా గొంతు పూర్తిగా తిరిగి రాలేదు. పాట పాడలేను, దూరంగా ఉన్న మనిషిని పిలవలేను. కానీ సాయంత్రం ఇంటికి పోయినాక పాపతో కబుర్లు చెప్పేంత మిగులుతుంది. అది ఎవరికీ ఇవ్వను.

పోయిన వారం పక్క క్లాసులో కొత్తగా చేరిన టీచరు అరుస్తూ ఉంది. ఇరవై రెండేళ్ళ పిల్ల. అప్పుడే జీర వచ్చేసింది గొంతులో. నేను పోయి ఆమె చేతిలోని సుద్దముక్క తీసుకొని, కూర్చోబెట్టి, నీళ్ళ సీసా ఇచ్చినాను.

"అరవకపోతే పాఠం చెప్పడం లేదనుకుంటారు మేడం," అంది.

"అనుకోనీ," అన్నాను. "ఎవరైనా అడిగితే నా దగ్గరికి పంపు."