శ్రీరామమూర్తి గారి దగ్గర ఉండిపోయిన తలుపు

సంతోషి ఏం పని చేస్తుందని అల్మాస్‌గూడలో ఎవరడిగినా, ఆమె నోరు తెరిచేలోపే వాళ్లమ్మ అండాలమ్మ జవాబిచ్చేది: "బస్సుల బొమ్మలు గీస్తది." అది నిజం కాదు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో కంప్యూటర్ మీద గీయడమే నేర్చుకుంది గానీ, ఎల్బీ నగర్లో బస్సు బాడీలు డిజైన్ చేసే కంపెనీ ఆమెను గీసేవాళ్ల మీద కాపలా పెట్టింది. బస్సులో ప్రతి భాగానికీ కంప్యూటర్లో ఒక బొమ్మ ఉంటుంది. దాన్ని మార్చాలనుకున్నవాళ్లు తమ పేరు మీద తీసుకోవాలి. తీసుకున్నంతసేపూ ఇంకొకరు ముట్టుకోకుండా దానికి తాళం పడుతుంది. పనయ్యాక తిరిగి అప్పజెప్పాలి. ఎవరి దగ్గర ఏముంది, ఫ్యాక్టరీకి ఏది వెళ్లాలి అన్నది సంతోషి చూసుకుంటుంది.

"అంటే లైబ్రరీల పుస్తకాలిచ్చినట్టా?" అని ఒకసారి తండ్రి బక్కయ్య అడిగాడు.

"గంతే నాయినా."

ఇందుకా బీటెక్ చదివించింది అన్నట్టు బక్కయ్య తల గోక్కున్నాడు.

ఆఫీసులో అందరికంటే పెద్దవారు శ్రీరామమూర్తి గారు. భీమవరం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. ఆయన గీసిన తలుపు మూసుకుందంటే గాలి కూడా అడిగి లోపలికి రావాలి. జబ్బు ఒక్కటే, తీసుకున్నది తిరిగి ఇవ్వరు. "అయిపోయిందా సార్?" అంటే, "అయిపోయినట్టేనమ్మా, ఒక్క అంచు మిగిలింది," అంటారు. ఆ అంచు వారాల తరబడి మిగిలేది.

ఈసారి డ్రైవర్ తలుపు తన పేరు మీద పెట్టుకుని, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని, కూతురు బిందుమాధవి పెళ్లికని సెలవు మీద వెళ్లిపోయారు. సరిగ్గా పెళ్లినాడు పొద్దున్నే ఫ్యాక్టరీ నుంచి ఫోన్. మధ్యాహ్నానికల్లా తలుపు బొమ్మ అందకపోతే రేకు కోసే మిషన్ ఖాళీగా నిలబడుతుంది. శ్రీరామమూర్తి గారు ఫోన్ ఎత్తడం లేదు.

"గా తాళం పగలగొట్టు. నీకు పవరుంది గదా," అన్నాడు మేనేజర్ మహిపాల్.

"పగలగొడితే ఆయన చేసినదంతా పోతది సార్. కొత్త మార్పులన్నీ ఆయన ల్యాప్‌టాప్‌లనే ఉన్నయి. ఫంక్షన్ హాల్ సరూర్‌నగర్లనే, నేను పోయొస్త."

భోజనానికి ఇంటికి రానని, ఎక్కడికి ఎందుకు వెళ్తోందో అమ్మకు ఫోన్లో చెప్పడమే సంతోషి చేసిన పొరపాటు. ఆటో దిగేసరికి అండాలమ్మ పట్టుచీర కట్టుకుని, చేతిలో స్టీలు బేసిన్‌తో ఫంక్షన్ హాల్ గేటు దగ్గర నిలబడి ఉంది.

"నువ్వెందుకొచ్చినవే?"

"పిలిచిన పెండ్లికి ఉత్త చేతులతోని పోతరా ఎవలన్న? మీదికెల్లి తలుపు అడుగుతవంట. జర ఇజ్జత్ ఉండాలె బిడ్డా."

గుమ్మంలోనే శ్రీరామమూర్తి గారి భార్య లలితకుమారి ఎదురైంది. సంతోషి కంగారులో అసలు సంగతే చెప్పింది. "మేడం, సార్ దగ్గర మా తలుపు ఉండిపోయింది. మధ్యాహ్నంలోపల ఫ్యాక్టరీకి పోవాలె."

ఆ భర్తతో ఇన్నేళ్లు కాపురం చేసిన లలితకుమారి ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "తలుపు తెచ్చారా? నేను చూడలేదమ్మా. వ్యాన్లో సామాన్ల కింద పెట్టారేమో, వెతికిస్తానుండు," అని డెకరేషన్ వాళ్లను కేకేసింది.

"ఎంత పెద్దగుంటది?" అంటూ అండాలమ్మ బేసిన్ పక్కన పెట్టి వాళ్ల వెంట బయలుదేరింది. అది కంప్యూటర్లో ఉండే తలుపని సంతోషి అర్థం చేయించేసరికి వ్యాన్లోంచి రెండు పరుపులు దిగిపోయాయి.

కన్యాదానం అప్పుడే ముగిసింది. మండపం మీద కళ్లు ఒత్తుకుంటున్న శ్రీరామమూర్తి గారు సంతోషిని చూడగానే సంగతి గ్రహించి కిందికొచ్చారు.

"ఒక్క అంచమ్మా. రేపు రిసెప్షన్ అయ్యాక కూర్చుంటే అయిపోతుంది."

"నచ్చకపోతే తర్వాత వెర్షన్‌లో మార్చుకోండి సార్. ఇప్పుడైతే ఇచ్చేయండి."

ఆయన సందేహిస్తూ నిలబడ్డారు. పక్కనే ఉన్న లలితకుమారి మెల్లగా అంది. "పిల్లనే ఇచ్చేశారు. తలుపు ఇవ్వడానికి ఏం వచ్చింది?"

ఆయన వెళ్లి పెట్టెలో చీరల మధ్య నుంచి ల్యాప్‌టాప్ తీశారు. హాల్లో సిగ్నల్ లేదు, వెనక వంటల దగ్గరే ఉంది. బోర్లించిన గంగాళం మీద ల్యాప్‌టాప్ పెట్టి, సంతోషి ఫోన్ నుంచి నెట్ కలిపారు. పట్టుపంచె పైకి దోపుకుని ఆయన వేలు మీట మీద ఉంచి ఆగారు.

"ఇచ్చేశాక మళ్లీ నాకు కనబడుతుందా?"

"కనబడుతది సార్. పాతవి గూడ అన్నీ ఉంటయి. ఏదీ ఎటూ పోదు."

నొక్కేశారు. నొక్కి, కండువాతో కళ్లు తుడుచుకున్నారు. అది తలుపు కోసమో, కూతురి కోసమో, పక్క పొయ్యి మీద మాడుతున్న ఎండుమిర్చి ఘాటుకో సంతోషికి తెలియలేదు. తెలియనట్టే ఉండిపోయింది. కాసేపటికి మహిపాల్ ఫోన్ చేసి, "వచ్చింది," అన్నాడు.

ఆమె హాల్లోకి వెళ్లేసరికి అండాలమ్మ మొదటి బంతిలో కూర్చుని, పనసపొట్టు కూర మళ్లీ వేయించుకుంటూ, ఇదెట్ల వండుతరని లలితకుమారిని అడుగుతోంది. సంతోషి కూడా పక్కన కూర్చుని విస్తరి వేయించుకుంది.

మర్నాడు ఆదివారం. ఎదురింటి రాములమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. "సంతోషీ, మీ అమ్మ చెప్పింది, యాడ ఇరుక్కున్న తలుపైనా ఇడిపిస్తవంట. మా బీరువ పండుగకెల్లి తెరుసుకుంటలేదు బిడ్డా."

సంతోషి వాళ్లమ్మ వైపు చూసింది. అండాలమ్మ గోడ వైపు చూసింది. వివరించబోయి మానుకుని, సంతోషి నాయినను స్క్రూడ్రైవర్ అడిగింది. ఆయన దాంతోపాటు కొబ్బరినూనె సీసా కూడా ఇచ్చి, తనూ వెంట నడిచాడు.