కిరాయి మొక్కకు ఫస్ట్ ప్రైజ్

కోపం ఇంకా దిగలే, అందుకే ఇస్నాపూర్ల రూముకు రాంగనే రాస్తున్న. ఇయ్యాల మా ఫ్యాక్టరీల ప్రకృతి ఫోటోల పోటీ పెట్టిన్రు. ఫోటో ఫ్యాక్టరీ లోపల తీసిందే కావాల్నని వారం కిందనే చెప్పిన్రు.

నేను వారం సంది షెడ్డు ఎన్క మురికినీళ్ల మోరీ పక్కన కూసొని, తంగేడు పొద మీద వాలిన పచ్చ ఈగను తీసిన. మోరీల కుళ్లిన దాని మీద ముసిరే ఈగనే అది. కానీ ఎండ పడితే దాని ఒళ్లు నెమలి మెడ లెక్క మెరుస్తది. ఊపిరి జెర గట్టిగ ఇడిస్తే ఎగిరిపోతది.

పోటీ చూసుకునే ఆఫీసర్ సారు ఫోటో చూసి మూతి ముడ్సిండు. "ఈగేంటయ్యా? మన దగ్గర కంపుందని ఊరంతా చాటాలా?"

"ఉన్నదే కద సార్. నేను తెచ్చి పెట్టిన్నా?"

"గేటు దగ్గర అంత మంచి క్రోటన్ మొక్కలున్నాయి, అవి కనపడలేదా నీకు?"

ఆ కుండీలు పొద్దుగాల్నే నర్సరీ నుంచి కిరాయికి దిగినయ్. ఇయ్యాల లెక్క పెద్దసార్లు వస్తున్నరంటే మా దగ్గర ఎప్పుడూ గిదే రివాజు. ఫస్ట్ ప్రైజ్ గూడ ఎవరో అప్పటికప్పుడు తీసిన ఆ క్రోటన్ ఫోటోకే ఇచ్చిన్రు.

డ్యూటీ దిగే యాల్లకు ట్రాలీ ఆటో వచ్చి కుండీలన్నీ ఎక్కించుకపోయింది, ప్రైజ్ కొట్టిన మొక్కతో సహా. నేను మోరీ దిక్కు పోయి చూసిన. ఈగలు ఆడ్నే ముసురుతున్నయ్. వాటిని ఎవ్వడూ కిరాయికి తేలే, వాపస్ పంపే మొనగాడు గూడ లేడు.

ఇగ మీరే చెప్పున్రి, మా ఫ్యాక్టరీ ప్రకృతి ఏది?