ఖబూరా గుమ్మంలో ముగ్గు

నా చేతులు ఊరుకోవండీ. ఆ చేతులే ఒకసారి నా ప్రాణం మీదికి తెచ్చాయి.

రెండువేల ఎనిమిదిలో ఒమన్‌లో, ఖబూరాలో ఒక పెద్దింట్లో పనికి ఉండేదాన్ని. మాది గోదావరి జిల్లా. రెండేళ్ళ ఒప్పందం అయిపోయింది. ఇంటికి పంపమంటే నన్ను తెప్పించుకున్న యజమాని, అక్కడ కఫీలంటారు, పాస్‌పోర్టు ఇవ్వడు. పగలు వాళ్ళింట్లో, సాయంత్రం మేడం చెల్లెలింట్లో చాకిరీ. ఇక ఉండనని గట్టిగా అన్న రోజున మేడం కాలుతున్న ఇస్త్రీపెట్టె నా మోచేతికి ఆనించింది. అంతే! చెత్త పారేసే వంకతో గేటు తీసి, బుట్ట అక్కడే పడేసి, నిమ్మతోటల్లోకి పరుగెత్తాను.

తోటల చివర చేపలు పట్టేవాళ్ళ ఇల్లొకటి ఉంది. మేకలకి గడ్డి వేస్తున్న ముసలామె నా చెయ్యి చూసింది. ఒక్క ప్రశ్న వెయ్యలేదు. లోపలికి లాక్కెళ్ళి తలుపేసి, కాలినచోట తడిబట్ట చుట్టి, ఖర్జూరాలూ కాఫీ పెట్టింది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు, అంతవరకూ రాలేదు.

సాయంత్రం ఆమె కొడుకు సముద్రం మీంచి వచ్చి నన్ను చూసి హడలిపోయాడు. పారిపోయిన పనిమనిషిని దాచుకుంటే పోలీసులు వాళ్ళ మీద పడతారు. అతని భయం ఉత్తిది కాదు. కానీ ముసలామె వింటేనా! "నా ఇంట్లో కాఫీ తాగింది. ఇప్పుడు గెంటెయ్యమంటావా?" అంది. రెండేళ్ళు అరబ్బీలో తిట్లు తిన్నదాన్ని, ఆ మాత్రం అర్థమైంది. చివరికి కొడుకే తగ్గాడు. మస్కట్ దగ్గర రూవిలో ఉండే అతని స్నేహితుడు శనివారం కారు తెచ్చి, నన్ను మస్కట్‌లో మన ఎంబసీ దగ్గర దింపుతాడు. అందాకా ఎవరి కంటా పడకూడదు. దొరికానా, మళ్ళీ ఆ ఇస్త్రీపెట్టె దగ్గరికే.

వాకిట్లో ఓ పక్కగా ఖర్జూరపాకుల పాక ఉంటే అందులో పడకేశారు. ముసలామె తన రంగురంగుల గౌను, ముసుగు నాకు తొడిగింది. అన్నీ మారినా నడక మాత్రం మారలేదని కోడలు ఒకటే నవ్వు. బాగానే చూసుకున్నారండీ, కానీ ఊరికే కూర్చోబెట్టి పెడితే నాకు ముద్ద దిగదు. అందుకని పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చేదాన్ని. ప్రహరీ లోపలే కదా అని వాళ్ళూ ఏమీ అనలేదు.

శుక్రవారం పొద్దున కూడా ఊడ్చాను, నీళ్ళు చల్లాను. ఆ తర్వాత ఏమైందో నన్నడక్కండి. పిండి డబ్బా ఎప్పుడు తెచ్చానో తెలీదు, గుమ్మం ముందు చుక్కలు పెట్టి పెద్ద మెలికల ముగ్గు వేసేశాను. బుద్ధుండాలా, వద్దా? దాక్కున్న మనిషి గుమ్మంలో ముగ్గేస్తుందా? ముసలామె వచ్చి చూసి "జైన్, జైన్" అని మురిసిపోయింది. బాగుందట! పాపం, ఆవిడకేం తెలుసు?

అంతలో గేటు బయట కఫీలు కారు ఆగింది. ఆ చప్పుడు నాకు తెలుసు. పాకలోకి దూరి ఆకుల సందులోంచి చూస్తున్నాను. ముందు డ్రైవరు దిగాడు. కడప నుంచి వచ్చిన ముస్లిం. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అందరితో ఉర్దూ, అరబ్బీ మాట్లాడేవాడు, నాతో అదీ లేదు. నేను ఎదురైతే తల తిప్పుకునేవాడు. మేడం చెంచా అని వంటింట్లో నేను తిట్టని తిట్టు లేదు.

గుమ్మం దాకా వచ్చి టక్కున ఆగిపోయాడు. ముగ్గుకేసి చూశాడు. కడప మనిషికి ముగ్గంటే ఏమిటో ఒకరు చెప్పాలా? ఆ చుట్టుపక్కల అది వేసేదాన్ని నేనొక్కదాన్నే. నా పని అయిపోయిందనుకున్నాను. ముసలామె గుమ్మానికి అడ్డంగా నిలబడి ఇక్కడెవరూ లేరంటోంది. వెనకాల కారు తలుపు తీసుకుని కఫీలు దిగుతున్నాడు.

డ్రైవరు ముసలామెకి సలాం చెబుతూ ముగ్గులోకి అడుగేశాడు. మా వీధిలో ముగ్గు తొక్కినవాణ్ణి ఏడు తరాలు తిట్టేదాన్ని నేను. ఈ మనిషి చెప్పులకాళ్ళతో, మాట్లాడుతూనే, అటూ ఇటూ కదులుతూ ఒక్కో మెలికా మట్టిలో కలిపేస్తున్నాడు. ఆ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది, ఒట్టు! కఫీలు వచ్చేసరికి అక్కడ తెల్లటి బురద తప్ప ఏమీ లేదు.

"మేకలకి పిండి కలుపుతున్నారు బాబా. లోపలంతా ఆడవాళ్ళే," అన్నాడు అరబ్బీలో. పరాయి ఆడవాళ్ళున్న ఇంట్లోకి చొరబడితే పరువు పోతుంది. కఫీలు గొణుక్కుంటూ వెనక్కి తిరిగాడు.

డ్రైవరు వెంటనే కదల్లేదు. మోగని సెల్‌ఫోను చెవి దగ్గర పెట్టుకుని, పాక వైపు చూడకుండా, కాస్త గట్టిగా తెలుగులో అన్నాడు.

"అక్కా, ముగ్గులు ఇంటికి పోయినాక ఏసుకుందువులే. ఈడ మాత్రం ఎయ్యాకు."

రెండేళ్ళలో నాతో మాట్లాడిన మొదటి మాట. ముసుగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

మర్నాడు నేను ఎంబసీలో దిగాను, నెల తిరక్కుండా ఇల్లు చేరాను. అతను మాత్రం ఆ పొద్దున కఫీలుకి కారు తలుపు తీసి పట్టుకుని, మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళాడు.