ఆరిపోని సీసా

ల్యాబులో ఆమెను దీపాలావిడ అనేవారు. ఈమధ్య ఆ పేరుతో ఆమె తోడికోడల్ని పిలుస్తున్నారు. గొడవంతా అక్కడ మొదలైంది.

దీపాలావిడ పని వినడానికి వంటలా ఉంటుంది. నిమ్మ ఉప్పూ యూరియా నీళ్ళలో కరిగించి, బిగుతు మూత ఉన్న ఉక్కు డబ్బాలో పోసి ఓవెన్‌లో పెడుతుంది. మాడిన పాకం రంగులో ద్రవం దిగుతుంది. దాన్ని సన్నటి పొర సంచిలో పోసి, నీళ్ళలో నానబెట్టి శుభ్రం చేస్తుంది. అందులో మిగిలేవి కంటికి కనిపించనంత చిన్న కార్బన్ రేణువులు. మామూలు వెలుతురులో అది పలచటి టీలా ఉంటుంది. యూవీ దీపం కింద పెడితే నీలంగా వెలుగుతుంది. ఇనుము ఉన్న నీళ్ళు అందులో చుక్క వేస్తే వెలుగు పడిపోతుంది. నీళ్ళలో ఇనుము ఎంత ఎక్కువైతే సీసా అంత చీకటి. బావి నీళ్ళు తాగొచ్చో లేదో ఆ చీకటిని చూసి చెబుతారు.

చిన్నకోడలు ఇంట్లో అడుగుపెట్టిన ఏడాదే దీపాలావిడ ల్యాబు పెద్ద డాక్టరు గారితో మాట్లాడి ఆమెను ఉద్యోగంలో చేర్పించింది. ఉక్కు డబ్బా మూత ఎలా బిగించాలో దగ్గరుండి నేర్పింది. నేర్చుకున్న పిల్ల ఊరుకోకుండా యూరియా మోతాదు మార్చి చూసింది. వెలుగు పెరిగింది. డాక్టరు గారు అందర్నీ పిలిచి చూపించి, "ఇక దీపాలావిడ ఎవరో నాకే తెలీడం లేదమ్మా" అన్నారు. ఆయన సరదాగా అన్నారు. మిగతావాళ్ళు పట్టుకున్నారు.

అదే సమయానికి నీటి శాఖవాళ్ళు బావి నీళ్ళ పరీక్షలకు ఒక కొత్త గది ఇస్తామన్నారు. ఆ గదికి ఒక బాధ్యురాలు కావాలి. ఇద్దరూ ఎవరి ద్రవం వాళ్ళు తేవాలి, అధికారుల ముందు ఇనుము చుక్క వేయాలి, ఎవరిది బాగా పనిచేస్తే గది వాళ్ళది అని డాక్టరు గారు తేల్చేశారు.

ల్యాబులో సీసాలన్నీ ఒకే యాసిడ్ తొట్టిలో కడుగుతారు. ఆ తొట్టి మీద దీపాలావిడకు నమ్మకం పోయింది.

"దాని చెయ్యి పడిన తొట్టిలో నా సీసాలు పెట్టను," అంది భర్తతో. "మసకబారతాయి."

"సీసాల సంగతి తెలీదు గానీ, నువ్వు మాత్రం మసకబారుతున్నావు," అన్నాడాయన.

ఆమె సీసాలూ పొర సంచులూ ఇంటికి తెచ్చుకుని బట్టలుతికే పొడితో కడిగింది. హడావుడిలో ఒక్కసారే జాడించింది. రెండు రోజుల తరువాత వాటిలో తయారుచేసిన ద్రవం దీపం కింద పెడితే, తోడికోడలి సీసా పక్కన అది పండగలా ఉంది. చిన్నకోడలు వంగి చూసి, "ఏం కలిపావక్కా?" అని అడిగింది.

"చెబితే నీదీ ఇలాగే వెలుగుతుంది," అంది దీపాలావిడ. ఆ మాట అన్న సుఖం ఆమెకు సాయంత్రం దాకా ఉంది.

పరీక్ష ముందురోజు సాయంత్రం, మరోసారి చూసి మురిసిపోవాలనిపించి ఒక సీసానూ చేతి దీపాన్నీ ఇంటికి తెచ్చింది. స్నానాల గదిలో తలుపు వేసి దీపం వెలిగించింది. సీసా నీలంగా వెలిగింది. తీగ మీద ఆరేసిన భర్త బనియను కూడా వెలిగింది. అదే నీలం.

"ఏమండీ, ఒకసారి ఇలా రండి."

ఆయన వచ్చి చూశాడు. "నా బనియను కూడా పరిశోధన చేస్తోందన్నమాట. దానికీ ఓ గది అడుగు."

ఆమె నవ్వలేదు. బట్టలు తెల్లగా కనిపించడానికి ఆ పొడిలో కలిపే పదార్థం యూవీ దీపం కింద నీలంగానే వెలుగుతుంది. ఇనుముకు అది బెదరదు. ఈ సంగతి చదువుకున్న మనిషే, అసూయలో గుర్తురాలేదు. మళ్ళీ తయారుచేయాలంటే ఓవెనూ వడపోతా కలిపి రోజు పైనే పడుతుంది.

తెల్లారి అందరికంటే ముందు ల్యాబుకు వెళ్ళింది. తోడికోడలి ద్రవం నింపిన సీసాలు అరలో ఉన్నాయి. దీపాలావిడ చేతిసంచిలో పొడి పొట్లం ఉంది. ఒక్క చిటికెడు చాలు, ఆ సీసాలూ ఇనుముకు ఆరవు. ఇద్దరూ ఓడిపోతారు. గది ఎవరికీ రాదు.

పొట్లం విప్పి, చిటికెడు పట్టుకుని ఆగింది. అధికారులు రాగానే ముందు దీపం వేస్తారు. అప్పుడు దాని సీసా కూడా ధగధగ వెలుగుతుంది. అబ్బ, ఏం వెలుగు అంటారు. ఆ మాట దానికీ దక్కుతుంది.

"ఉత్త పుణ్యానికి దానికి ఇంత వెలుగు నేనెందుకివ్వాలి," అనుకుని పొట్లం మడిచేసింది.

అధికారులు వచ్చారు. దీపం వేశారు. ఆమె సీసా చూసి అబ్బ అన్నారు. ఆమె ఆ మాటను పూర్తిగా అనుభవించింది. తరువాత ఇనుము చుక్క పడింది. చిన్నకోడలి సీసా కళ్ళముందే నల్లబడింది. దీపాలావిడ సీసా వెలుగుతూనే ఉంది.

డాక్టరు గారు మరో చుక్క వేశారు. మార్పు లేదు. చిన్నకోడలు నుదురు ముడిచి, సీసాను ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇంకాసేపుంటే కనిపెట్టేస్తుంది.

"బట్టల పొడి," అంది దీపాలావిడ గబుక్కున. "నేనే కడిగాను. నేనే కనిపెట్టాను కూడా. నిన్ననే."

తన తప్పు పట్టుకున్న పేరు కూడా తోడికోడలికి పోవడం ఆమెకు ఇష్టం లేదు.

గది చిన్నకోడలికి వచ్చింది. సీసాలు కడిగే చోట బట్టల పొడి వాడరాదని అట్ట ముక్క మీద రాసి అంటించింది దీపాలావిడే. "నీ గదికి నేనెందుకొస్తాను," అంటూనే రోజూ వెళ్ళి, సీసాలు సరిగ్గా కడిగారో లేదో దీపం వేసి చూసి వస్తోంది.

ఆదివారం ఇంట్లో ఆ దీపంతోనే తీగ దగ్గర నిలబడింది. తన రవిక వెలిగింది. పక్కన తోడికోడలి రవిక ఇంకాస్త ఎక్కువ వెలిగింది.

"ఏ పొడి వాడుతున్నావే?"

"నువ్వు మొన్న ఇచ్చిందే అక్కా."

"అయితే ఎక్కువ పోస్తున్నావు," అని దీపం ఆర్పేసింది.