నాలుగు గ్రీకు మాటలు, ఒక పెయ్యదూడ

2017 జూలై 11, మంగళవారం, ఉదయం పదిన్నరకు పుత్తూరు దాటి లోపలికి ఉన్న ఒక పల్లెలో, చర్చి పక్క రేకుల షెడ్డులో పని మొదలుపెట్టాం. కొరింథులోని విశ్వాసులకు పౌలు రాసిన రెండో ఉత్తరం, తొమ్మిదో అధ్యాయం ఆ రోజు పరీక్షకు వచ్చింది. నేను అప్పటికి ఇరవై మూడేళ్లు చిత్తూరులో ఒక చిన్న బైబిలు పాఠశాలలో గ్రీకు చెప్పి, విరమించి, కొత్త నిబంధనను వాడుక తెలుగులోకి తెస్తున్న బృందంలో పరిశీలకురాలిగా ఉన్నాను.

ఈ పనిలో ఎవరి స్థానం ఏమిటో చెప్పాలి. అనువాదకులు ముగ్గురు. వాళ్లు రాసినదాన్ని గ్రీకుతో పోల్చి, తేడా కనిపిస్తే అభ్యంతరం రాయడం పరిశీలకురాలి పని. కొట్టివేసే అధికారం ఆమెకు లేదు. ఆ అధికారం సలహాదారుది. ఆయన చెన్నై నుంచి ఏడాదికి రెండుసార్లు వచ్చేవారు. అనువాదకుల ప్రతికీ సలహాదారుకీ మధ్య ఒక మెట్టు ఉంది. మేము దాన్ని పల్లె పరీక్ష అనేవాళ్లం. ప్రతిని ఊళ్లోవాళ్లకు రెండుసార్లు చదివి వినిపిస్తాం. విన్నది వాళ్ల మాటల్లో తిరిగి చెప్పమంటాం. చెప్పింది చెప్పినట్టే రికార్డరులో పట్టి, రాసుకుంటాం. పరీక్ష సాగుతున్నంతసేపూ ఏదీ బోధించకూడదు, తప్పు దిద్దకూడదు. పాస్టరుగానీ సంఘపెద్దగానీ దగ్గర కూర్చోకూడదు. వాళ్లుంటే జనం వాళ్ల మొహం చూసి చెబుతారు.

ఆ రోజు వివాదమంతా ఏడో వచనం మీద. పేదల కోసం చందా కూడబెడుతున్నప్పుడు ఎలా ఇవ్వాలో పౌలు అందులో చెబుతాడు. నాలుగు మాటలు కీలకం. మొదటిది 'ప్రొఐరేతై'. ముందుగానే మనసులో ఎంచుకుని ఉండటం. అది అప్పటికే జరిగిపోయిన ఎంపికను చెప్పే రూపం. చేయి చాచేటప్పుడు తీసుకునే నిర్ణయం కాదు, ఇంట్లోనే తీసుకుని వచ్చిన నిర్ణయం. రెండోది 'లూపే'. దుఃఖం, లోపలి నొప్పి. చనిపోయినవారి కోసం పడే దుఃఖానికీ ఇదే మాట. మూడోది 'అనంకే'. తప్పనిసరి, గత్యంతరం లేకపోవడం. ఒకరు మెడ మీద చెయ్యి వేసి చేయించేదే కాదు, పరిస్థితి చేయించేది కూడా. నాలుగోది 'హిలరోస్'. మబ్బు లేని మొహం, సంతోషంగా సిద్ధంగా ఉన్న మనిషి. ఇంగ్లీషులో పగలబడి నవ్వడానికి సంబంధించిన ఒక మాట దీని నుంచి పుట్టింది కాబట్టి, దేవుడికి పగలబడి నవ్వుతూ ఇవ్వాలని బోధించేవాళ్లు చాలామంది ఉన్నారు. మాట తర్వాతి కాలంలో సంపాదించుకున్న అర్థాన్ని వెనక్కి తీసుకెళ్లి పౌలు చేతిలో పెట్టకూడదు. పౌలు ఆ మాటను సామెతల గ్రంథపు పాత గ్రీకు అనువాదం నుంచి ఎత్తుకున్నాడు. అక్కడ అలాంటి దాతను దేవుడు దీవిస్తాడు అని ఉంటే, ఇక్కడ ప్రేమిస్తాడు అని మార్చాడు. ఆ రెండుచోట్లా నవ్వు ప్రసక్తి లేదు.

మా ముగ్గురు అనువాదకుల్లో చిన్నవాడు దేవదానం. సూళ్లూరుపేట మనిషి, మంచి చెవి ఉన్నవాడు. అతను 'నవ్వు మొహంతో ఇచ్చేవాడు' అని రాశాడు. వాక్యం వినడానికి బాగుందని మిగతా ఇద్దరూ ఒప్పుకున్నారు. నేను అభ్యంతరం రాశాను. "వినేవాళ్లు తేల్చనీ టీచరమ్మా" అన్నాడు దేవదానం. అది నియమం ప్రకారమే కనుక సరేనన్నాను.

వినడానికి ఆరుగురు వచ్చారు, అందరూ ఆడవాళ్లే. మగవాళ్లు మామిడి కోతల్లో ఉన్నారు. బెంగుళూరా కాయ లారీలకెక్కే రోజులవి. దేవదానం రెండుసార్లు చదివాడు. ముందుగా మరియమ్మ అనే పెద్దామెను తిరిగి చెప్పమన్నాం.

"దేవునికి ఇచ్చేటప్పుడు ఏడుపు మొహం పెట్టగూడదు. లోపల ఎట్టున్నా పైన నవ్వాల. అంతే కదమ్మా" అన్నది ఆమె.

రెండో ఆమె అదే చెప్పింది. ఐదుగురు అదే చెప్పారు. నేను రాసుకుంటూ దేవదానం వైపు చూశాను. అతను పుస్తకం వైపు చూస్తున్నాడు. దుఃఖంతో ఇవ్వవద్దు అన్న వాక్యం దుఃఖాన్ని దాచుకుని ఇవ్వు అని వాళ్లకు వినిపించింది. అంటే ప్రతి సరిగ్గా ఎదురు అర్థం ఇచ్చింది.

అలా ఎందుకు అర్థమైందో అడగడం కూడా పరీక్షలో భాగమే. అడిగితే షెడ్డంతా నవ్వులు.

"మా ఏలం సూడలేదా మీరు? ఈడ నవ్వకుంటే గుమ్మడికాయ గూడా అమ్ముడుపోదు" అన్నది ఒకామె.

ఆ చర్చిలో మామిడి కోతలయ్యాక జూలై ఆఖరి ఆదివారం కోతపండగ. ఎవరి పంటలో మొదటిది వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన కాగానే వాటిని వేలం వేస్తారు. పాడుకున్నవాడు సరుకును ఇంటికి తీసుకుపోడు, మళ్లీ దేవునికే ఇచ్చేస్తాడు. అది మళ్లీ వేలానికి వస్తుంది. ఒక్క గుమ్మడికాయ నాలుగైదుసార్లు తిరుగుతుంది. సంఘపెద్ద జయరావు పాట పెడతాడు. "నవ్వండప్పా, నవ్వండి, దేవునికి ఏడుపు మొహం పనికిరాదు" అని మధ్యమధ్య అరుస్తాడు. బావామరుదులు, తోడల్లుళ్లు ఒకరినొకరు రెచ్చగొట్టుకుని పాడతారు. వెనక్కి తగ్గినవాణ్ణి ఏడాదంతా ఎగతాళి చేస్తారు. అది ఆ ఊరి సరదా. ఆ సరదాతోనే చర్చికి కప్పు పడింది, మైకు వచ్చింది. ఆ సంగతి కూడా రాసుకున్నాను.

ఆరో మనిషి మిగిలింది. పేరు రాజమ్మ. యాభై ఏళ్లుంటాయి. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజను కూలి.

"నువ్వు ఏమనుకుంటున్నావమ్మా?" అని అడిగాను.

"నాకు అర్థం కాలేదు టీచరమ్మా. పోయినేడు మా ఇంటాయన నవ్వుతానే ఇచ్చినాడు. ఇంటికొచ్చి రెండు దినాలు మాట్లాడలా."

"గమ్మునుండు రాజమ్మా" అన్నది మరియమ్మ. కానీ రాజమ్మ అంతా చెప్పేసింది.

కిందటి పండగలో ఆమె భర్త యేసుపాదం, తోడల్లుడితో పోటీపడి గుమ్మడికాయ పాడాడు. చేతిలో డబ్బు అయిపోయింది. తోడల్లుడు "ఇంగ యాడుంది నీ దగ్గర?" అని నవ్వాడు. జనం నవ్వారు. ఇతనూ నవ్వి, ఆవు ఈనితే దూడ దేవునిది అన్నాడు. చప్పట్లు కొట్టారు. అక్టోబరులో ఆవు ఈనింది. పెయ్యదూడ. తొమ్మిది నెలలు పెరిగింది, ఈ పండగకు అప్పగించాలి. ఇంతలో జూన్‌లో యేసుపాదం మామిడిచెట్టు మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. పుత్తూరు కట్టు కట్టించుకుని మంచం మీద ఉన్నాడు. ఆ సీజను కూలి పోయింది. ఆవుకు అది ఆఖరి ఈత. దాని పాలు ఆగిపోతే ఆ ఇంటికి మిగిలే ఆధారం ఆ పెయ్యే.

"జయరావు పెద్దాయన కాడికి పోయి అడిగినాను. ఈ ఏడు వద్దు, దూడ ఈనినాక దాని దూడను ఇస్తామని. సణగబాకమ్మా, సణగగూడదని వాక్యంలోనే ఉండాది అన్నాడు."

ఆయన అన్నది ఇదే వచనం. పాత అనువాదంలో లూపేకు సణుగుడు అనే అర్థం వచ్చే మాట వేశారు. సణుగుడు నోటిది. లూపే గుండెది. ఇచ్చేవాళ్ల బాధను కాపాడటానికి రాసిన మాట అక్కడ ఇచ్చేవాళ్ల నోరు మూయడానికి పనికివచ్చింది.

పరీక్ష ముగిసినట్టు సమయం వేసి, రికార్డరు ఆపించాను. ఆ తర్వాత అడిగినవారికి మూలం సంగతి చెప్పడానికి నియమం ఒప్పుకుంటుంది. నాలుగు మాటలూ పైన రాసినట్టే చెప్పాను, ఎక్కువా తక్కువా లేకుండా.

రాజమ్మ అడిగింది, "అట్టయితే ఏడుపొస్తా ఉంటే ఇయ్యబాకు అనేనా పౌలు చెప్పింది?"

"దుఃఖంతో ఇవ్వవద్దనే రాశాడు. మనసులో ముందే ఎంచుకున్నంత ఇవ్వమన్నాడు."

"మేం ఎంచుకోలేదు కదమ్మా. పక్కనోడు ఎగదోస్తే నోట్లో నుంచి వచ్చింది." తర్వాత అడిగింది, "ఈ మాట అచ్చులో ఎప్పుడొస్తాది?"

నవంబరులో సలహాదారు చూడాలి, అచ్చుకు ఇంకో ఏడాదిన్నర పడుతుంది అన్నాను.

"పండగ ముప్పయ్యో తేదీ" అన్నది. ఆ కాగితం ఒకటి ఇస్తే పాస్టరు అయ్యగారికి చూపిస్తానంది. ఆమోదం పొందని ప్రతి బయటికి ఇవ్వకూడదు. ఇవ్వలేదు. బలవంతంగా వద్దు అనే మూడో మాట పాత పుస్తకంలోనూ ఉంది, దాన్నే అయ్యగారికి చూపించమన్నాను.

"అది వాళ్లు చదివినా వాళ్ల కంటికి సణుగుడే కనపడతాది" అని లేచింది. పాలు పిండే వేళైంది.

ఆగస్టు 4న ఆ సంఘం పాస్టరు చిత్తూరులోని మా ఆఫీసుకు వచ్చారు. మర్యాదస్థుడు. కాఫీ తాగి, ఫిర్యాదు చేశారు. పండగలో జరిగింది ఆయన చెప్పిందే రాస్తున్నాను.

రాజమ్మ దూడను తనే తోలుకొచ్చింది. భర్త చేతికట్టుతో వెనక నిలబడ్డాడు. జయరావు అలవాటు ప్రకారం, "ఏమ్మే రాజమ్మా, మొహం అట్ట పెట్టినావు? దూడను దేవునికి ఇస్తా ఉండావా, కూతుర్ని అత్తగారింటికి పంపిస్తా ఉండావా?" అన్నాడు. అందరూ నవ్వారు.

"ఇస్తా ఉండాను పెద్దాయనా" అన్నదట ఆమె. "మా ఇంటాయన మాట ఇచ్చినాడు, అందుకని ఇస్తా ఉండాను. ఏడుపొస్తా ఉండాది. నవ్వమంటే మాత్రం నవ్వను."

జయరావు పాట పెట్టాడు. ఎవరూ పాడలేదు. మళ్లీ పెట్టాడు. తోడల్లుడు ఫోను వచ్చినట్టు బయటికి వెళ్లాడు. మూడోసారి కూడా ఎవరూ పలకలేదు. వెనక వరుసలో ఒక ముసలాయన, "నవ్వు లేకుండా ఏలం యాడుందప్పా, కట్టిపెట్టండి ఇంగ" అన్నాడు. మిగిలిన సరుకు అట్లాగే ఉండిపోయింది. పాస్టరే కలగజేసుకుని దూడను ఇంటికి తోలుకుపొమ్మన్నారు. యేసుపాదం ఒప్పుకోలేదు. పదిమందిలో అన్న మాట ఒక్క చేత్తో వెనక్కి తీసుకోలేనన్నాడు. దూడను చర్చి ఆవరణలో కట్టేశారు. మేపడానికి ఎవరూ లేక, నాలుగు రోజులకు కమిటీవాళ్లు సంతకు తోలి అమ్మేశారు.

"మీరొచ్చి గ్రీకు చెప్పి పోయినాక ఇట్లా అయింది టీచరమ్మా. ఇంగ మా ఊళ్లో పరీక్ష పెట్టబాకండి" అన్నారు పాస్టరు.

ఆమె అన్నదాంట్లో వాక్యానికి విరుద్ధమైనది ఏది అని అడిగాను.

"విరుద్ధమని అనడం లేదు. వాక్యం సరిగానే ఉండాది. ఏలం నిలిచిపోయింది కదా!" అన్నారు.

నవంబరులో సలహాదారు వచ్చారు. పల్లె పరీక్ష నివేదిక చదివి, 'నవ్వు మొహం' కొట్టివేశారు. దేవదానం వాదించలేదు. 'ముందుగా మనసులో ఎంచుకున్నంత', 'దుఃఖపడుతూ కాదు', 'తప్పనిసరై కాదు', 'సంతోషంగా ఇచ్చేవాడు' అని స్థిరపరిచాం. 2019 మే నెలలో అచ్చయింది. ఒక ప్రతి రాజమ్మకు పంపాను. అందిందని ఫోను చేసింది. ఆ పేజీ చదివిందా అని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇంట్లోవాళ్ల సంగతి అడిగితే, "ఆయన చెయ్యి కొంచెం వంకరగా అతికింది, ఆవును అమ్మేసినాము" అన్నది.

నేర్చుకున్నది ఇది. గ్రీకు మాటకు అర్థం నిఘంటువులో దొరుకుతుంది. తెలుగు మాటకు అర్థం ఆ ఊళ్లో ఆ మాట ఎవరు ఎవరితో ఎప్పుడు అంటారన్న దాంట్లో ఉంటుంది. సంతోషానికి మాట వెతికేముందు, అక్కడ సంతోషంగా కనపడమని ఎవరు ఎవరిని ఆజ్ఞాపిస్తున్నారో కనుక్కోవాలి. ఆ తర్వాత నేను పరిశీలించిన ప్రతి పుస్తకంలోనూ ఈ ప్రశ్న ముందుగా అడిగాను.

పోయినవి: మా ప్రతిలో రెండు మాటలు. మాకున్న రెండు పరీక్షా పల్లెల్లో ఒకటి. ఆ చర్చిలో కోతపండగ వేలం, ఆ ఏటి నుంచి. ఒక ఆవు. ఒక పెయ్యదూడ, వయసు తొమ్మిది నెలలు. పుస్తకం అచ్చయ్యే నాటికి అది ఎక్కడున్నా, ఈనే వయసుకు వచ్చి ఉంటుంది.