రొయ్యల షెడ్డులో ఎస్తేరమ్మ గారు

ఈ ఉదయం మా మేడమెట్లు కడిగే ఆమె బ్లీచింగ్ పొడి కలిపిన నీళ్ళు బకెట్టుతో తెచ్చి కుమ్మరించింది. నాయుడుపేటలో నేను అద్దెకుంటున్న గది మెట్ల పక్కనే ఉంటుంది. తలుపు కింది సందులోంచి ఆ ఘాటు లోపలికి వచ్చేసరికి, వేడి టీ గ్లాసు పట్టుకుని ఉన్న నా వేళ్ళు మొద్దుబారినట్టయ్యాయి. ఆదివారం కనుక పనికి పోయేది లేదు. పలకరించే మనిషీ లేరు. కిటికీ తెరవకుండా అలాగే కూర్చున్నాను. పెళ్ళీడులో ప్రతి ఉదయం నాకు ఎదురొచ్చిన వాసన అది. రొయ్యల షెడ్డు గుమ్మంలో ఆ నీళ్ళలో చేతులు ముంచి, పాదాలు తడిపి, అప్పుడు లోపలికి పోవాలి. గుమ్మానికి అవతల ఎస్తేరమ్మ గారు నిలబడి ఉండేవారు.

మాది బకింగ్‌హామ్ కాలువకీ సముద్రానికీ మధ్య ఇసుక మీద కట్టుకున్న పాలెం. నాన్న చనిపోయిన ఏడాది నెల్లూరులో నా డిగ్రీ సగంలో ఆగిపోయింది. అమ్మ నన్ను వెంటబెట్టుకుని, మా ఊరికి దగ్గర్లోనే ఉన్న ఒక రొయ్యల కంపెనీకి తీసుకుపోయింది. చెరువుల నుంచి వచ్చిన రొయ్యలకి తలలు తుంచి, పొట్టు ఒలిచి, వీపు మీది నల్ల నరం లాగేసి, ఐసులో పెట్టి విదేశాలకు పంపేవాళ్ళు. ఒలిచే పనంతా ఆడవాళ్ళదే. వాళ్ళమీద సూపర్‌వైజరు ఎస్తేరమ్మ గారు. పొడగరి మనిషి. నేతచీర కుచ్చిళ్ళు పైకి దోపి, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు వేసుకునేవారు. భర్త పోయాడు, పిల్లలు లేరు. చర్చిలో పాట ఎత్తుకునేది ఆవిడే కాబట్టి, షెడ్డులో ఏ మూలనుంచి కేకేసినా ఆ గొంతు అందరికీ వినపడేది.

చేరిన మొదటి రోజుల్లో ఐసునీళ్ళలో చేతులు పెట్టి పెట్టి, నా వేళ్ళు నావి కానట్టు అయిపోయేవి. రొయ్య చేతిలో ఉందో జారిపోయిందో తెలిసేది కాదు. ఆవిడ ఒకటికి రెండుసార్లు చూసి, వెళ్ళి పక్క తలుపు తీశారు. వరసకొకరు చొప్పున బయటికి పోయి ఎండలో చేతులు చాపి నిలబడమన్నారు. బట్టలు ఆరేసినట్టు మేము చేతులు ఆరేసుకునేవాళ్ళం. మేనేజరు వచ్చి, ఇదేం పద్ధతని అడిగితే, వేళ్ళు మొద్దుబారితే పొట్టు ముక్కలు రొయ్యకే ఉండిపోతాయి, సరుకు తిరిగొస్తుందని చెప్పారు. ఆయన వచ్చినదారినే వెళ్ళిపోయాడు. మామీద జాలితో తలుపు తీశారో, సరుకు బాగుండాలని తీశారో నాకు ఇప్పటికీ తేల్చుకోవడం రాదు. రెండూ అయి ఉండొచ్చు.

ఎందుకంటే ఆవిడ మెత్తని మనిషి కాదు. మా వీధిలోనే ఉండే రాజమ్మ అనే పెద్దావిడ కూడా ఆ షెడ్డులోనే ఒలిచేది. ఒకరోజు మధ్యాహ్నం రాజమ్మ కూతురికి నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది. రాజమ్మ తడిచేతులతోనే లేచి వెళ్ళి అడిగింది. ఆ రోజు లారీ బయట నిలబడి ఉంది, సరుకు నిండలేదు. ఇది అయినాక పొమ్మన్నారు ఎస్తేరమ్మ గారు. రాజమ్మ మళ్ళీ కూర్చుని ఒలిచింది. ఆమె ఇంటికి చేరేసరికి మనవరాలు పుట్టి, స్నానం కూడా అయిపోయింది. బిడ్డ బాగానే ఉంది, తల్లీ బాగానే ఉంది. కానీ రాజమ్మ ఆ మాట చాలాకాలం చెప్పుకుని బాధపడింది.

మాకు కూలి ట్రేల లెక్కన ఇచ్చేవాళ్ళు. ఎన్ని ట్రేలు నింపితే అంత. వేగంగా ఒలిచేవాళ్ళకు బాగానే గిట్టేది. వయసు మళ్ళినవాళ్ళు పొద్దుగూకులూ కూర్చున్నా పొలం కూలి కూడా వచ్చేది కాదు. సన్న రొయ్య వచ్చిన రోజున ఎంత ఒలిచినా ట్రే నిండదు, మరీ అన్యాయం. ఇంతలో పక్క కంపెనీ నుంచి మా షెడ్డుకి మారిన ఒకావిడ, సర్కారు రోజుకి ఇంతని కనీస కూలి కట్టిందనీ, అంతకు తగ్గితే నేరమనీ చెప్పింది. అన్నాల వేళ రేకుల పంచలో ఇక అదే వాదన. అడగాలని కొందరు. అడిగితే మనల్ని ఇళ్ళకు పంపి ఒరిస్సా పిల్లల్ని తెచ్చుకుంటారని కొందరు. యజమాని కూడా ఒకరోజు వచ్చి మెత్తగానే మాట్లాడాడు. చెరువులకు తెగులు తగిలిందనీ, కొనేవాళ్ళు ధర కోస్తున్నారనీ, చురుగ్గా చేసేవాళ్ళకీ నిదానంగా చేసేవాళ్ళకీ ఒకటే కూలి ఇస్తే అది న్యాయమా అనీ అడిగాడు.

ఆ ప్రశ్న నాకు సబబుగానే అనిపించింది. అప్పటికి నేను షెడ్డులో అందరికన్నా వేగంగా ఒలిచేదాన్ని. ఎక్కువ పని చేసినవాళ్ళకు ఎక్కువ రావడంలో తప్పేముందని ఎస్తేరమ్మ గారితోనే అన్నాను. పనైపోయి ఇద్దరం కాలవగట్టు మీద ఇంటికి నడుస్తున్నాం.

“ఎక్కువ చేసినోళ్ళకి ఎక్కువ ఇయ్యనీ. నేనొద్దన్నానా?” అన్నారు ఆవిడ. “సర్కారు కట్టింది దానికి కాదు మే. రోజుకి. రాజమ్మ పొద్దున్నే వచ్చి తన రోజు తెచ్చి మనకిచ్చేస్తుండాది. ఇంకొకరికి అమ్ముకునేదానికి ఆమె దగ్గిర ఇంకో రోజు ఉండాదా?”

నాలుగడుగులు వేసి ఆవిడే మళ్ళీ అన్నారు. “మనం రొయ్యకి కూలి ఇస్తుండాం. మనిషికి ఇయ్యటంలా.”

‘మనం’ అన్నారు. కంపెనీ అనలేదు, సారు అనలేదు. నెలజీతం తీసుకునే మనిషి కాబట్టి తననీ అందులో కలుపుకున్నారని నాకు ఆ తర్వాత అర్థమైంది.

ఎవరు అర్జీ పెట్టారో తెలియదు, కొన్నాళ్ళకు లేబర్ ఆఫీసరు వచ్చాడు. యజమాని గదిలో కూర్చోబెట్టి కూల్‌డ్రింకు ఇచ్చారు. ఎస్తేరమ్మ గారిని పిలిచారు. బాగా సంపాదించే అమ్మాయినని చూపించడానికి నన్నూ పిలిచారు. మా ఆడవాళ్ళు తీరిక దొరికినప్పుడు వచ్చి కాసేపు ఒలిచి, ఇంటికి పోయి వంట చూసుకుని మళ్ళీ వస్తుంటారనీ, అందుకే రోజుకూలి కుదరదనీ యజమాని వివరించాడు. షెడ్డు తాళం ఈవిడ దగ్గరే ఉంటుంది, కావాలంటే అడగండి అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో ఏ అనుమానమూ లేదు. అన్నేళ్ళుగా ఆవిడ ఆయన మాట దాటలేదు.

ఆఫీసరు ఆవిడ వైపు చూశాడు. ఆవిడ రబ్బరు బూట్లతోనే నిలబడి ఉన్నారు.

“పొద్దు పొడిచేటప్పుడు వస్తారు సార్. పొద్దుగూకినాక పోతారు,” అన్నారు. “మధ్యలో ఇంటికి పోవాలంటే నన్ను అడగాల. నేను పంపను. కూతురు కానుపని అడిగినా పంపలేదు.”

ఆఫీసరు నా వైపు తిరిగి నువ్వేమంటావని అడిగాడు. ఆమె చెప్పింది నిజమే సార్ అన్నాను. బయటికి వచ్చాక ఆవిడ నన్ను మెచ్చుకోలేదు, ధైర్యమూ చెప్పలేదు. ఐసు కరిగిపోతుంది పద అన్నారు.

ఆ వారంలోనే ఆవిడ్ని విశ్రాంతి తీసుకోమని ఇంటికి పంపేశారు. మాకు సర్కారు కట్టిన కూలి మొదలైంది. మొదటి జీతం అందిన రోజు షెడ్డులో నవ్వులు వినిపించాయి. ఆ మరుసటి నెలనుంచి మనుషుల్ని తగ్గించారు. రోజుకూలి ఇవ్వాలంటే చేతివేగం ఉన్నవాళ్ళే కావాలన్నారు. పెద్దవాళ్ళను రేపు రావద్దు, కబురు చేస్తాం అని ఒక్కొక్కరినే ఆపేశారు. రాజమ్మని అందరికన్నా ముందు ఆపారు. ఎవరికోసం ఎస్తేరమ్మ గారు ఆ గదిలో నోరు తెరిచారో, వాళ్ళే ఇంట్లో కూర్చున్నారు.

చర్చిలో ఆడవాళ్ళు చాపలమీద కూర్చునేవాళ్ళు. ఎస్తేరమ్మ గారు వచ్చి కూర్చుంటే పక్కనున్నవాళ్ళు మెల్లగా అవతలికి జరిగేవాళ్ళు. ఆవిడ పాట ఎత్తుకుంటే అందుకునే గొంతులు తగ్గిపోయాయి. ఒక ఆదివారం గేటు దగ్గర రాజమ్మ అందరి ముందూ అడిగేసింది. “ఆ పొద్దు నన్ను ఇంటికి పంపకపోతివి. ఇప్పుడేమో మొత్తానికే పంపిస్తివి. నీ నిజం మా నోట్లో మట్టి కొట్టింది గదా ఎస్తేరూ.” ఎస్తేరమ్మ గారు బైబిలు చంకలో పెట్టుకుని, కాలవగట్టు పట్టుకుని ఒక్కరే నడిచి వెళ్ళిపోయారు. ఆ తర్వాత కొన్ని ఆదివారాలు చర్చిలో వేరే ఎవరో పాట ఎత్తుకున్నారు.

నేను వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. ఆవిడ కుట్టుమిషను పెట్టుకున్నారు గానీ జాకెట్లు ఇచ్చేవాళ్ళు లేరు. నేను వెళ్ళేసరికి గుమ్మంలో కూర్చుని దారి వైపు చూస్తుండేవారు. నన్ను చూడగానే లేచి పొయ్యి వెలిగించేవారు. టీ ఇచ్చి షెడ్డు సంగతులన్నీ అడిగేవారు. సన్న రొయ్య వస్తుందా, కొత్త సూపర్‌వైజరు పక్క తలుపు తీస్తుందా, ఎవరి చేతులు పగిలాయి. నేను లేచేటప్పుడు ఇంకాసేపు కూర్చోమని ఎప్పుడూ అనలేదు. అందర్నీ ఆజ్ఞాపించిన గొంతుకి ఆ చిన్నమాట అడగడం రాలేదు. చీకటి పడకముందే పొమ్మని తనే తొందరపెట్టేవారు. గట్టు మలుపు తిరుగుతూ వెనక్కి చూస్తే గుమ్మంలో ఆవిడ ఇంకా నిలబడే కనిపించేవారు.

ఇట్లా జరుగుతుందని ముందే తెలిసి ఉంటే ఆ రోజు చెప్పేవారా అని ఒకసారి అడిగాను. అడిగినందుకు కోప్పడతారనుకున్నాను. ఆవిడ మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆలోచించారు.

“తెలీదమ్మా. అబద్ధం చెప్పుంటే రాజమ్మ ఇంకా పనికొస్తా ఉండేది. నేను ఇంకా ఆమెని లోపలేసి తలుపు మూస్తా ఉండేదాన్ని,” అన్నారు. “రెండిట్లో ఏది నయమో దేవుడికే తెలియాల. నాకైతే నిద్ర పట్టటంలా. ముందర్నా పట్టేది కాదు లే.”

ఆపేసిన ఆడవాళ్ళ తరఫున ఆవిడే నెల్లూరులో లేబర్ ఆఫీసుకు తిరిగారు. తోడు రమ్మని ఇంటింటికీ వెళితే ఎవరూ రాలేదు. చివరికి ఒకసారి రాజమ్మ మాత్రం వచ్చింది. బస్సులో వేరే సీటులో కూర్చుందట, పోనూ రానూ ఒక్కమాట మాట్లాడలేదట. ఆవిడ ఆ సంగతి నాకు సంతోషంగా చెప్పారు. ఎంతైనా వచ్చింది గదా అన్నారు. ఆ తిరుగుడు వల్లనో, మళ్ళీ ఆర్డర్లు పెరగడం వల్లనో, మరుసటి సీజనుకు ఆపినవాళ్ళలో కొందరిని పిలిచారు. రాజమ్మ రోజుకూలి మీద వెనక్కి వచ్చి నా పక్కనే కూర్చుంది. నిదానంగా, ఒక్క పొట్టు ముక్క మిగలకుండా ఒలిచేది. ఎస్తేరమ్మ గారిని మాత్రం పిలవలేదు. ఆవిడ ఇంటికి వెళ్ళి ఈ కబురు చెప్పినవాళ్ళూ లేరు, నేను తప్ప.

తర్వాత నేను ఆగిన డిగ్రీ పూర్తి చేసి, తడ దగ్గర ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో చేరాను. సెలవు రోజున ఊరికి పోతే ఆవిడ్ని చూసి వచ్చేదాన్ని. అమ్మ చనిపోయాక ఊరికి పోవడమే తగ్గింది. ఒక వానాకాలం జ్వరంతో ఆవిడ పోయారని ఫోను వచ్చింది. నేను బస్సు దిగి వెళ్ళేసరికి సరుగుడు తోపు పక్కన ఇసుకలో గుంట తవ్వి ఉంది. పాస్టరు గారు, తవ్వినవాళ్ళు, చుట్టపువాళ్ళు ఇద్దరు. వాళ్ళకు కాస్త ఎడంగా రాజమ్మ ఉంది. ఆవిడ ఒంటికి నీళ్ళు పోసి చీర కట్టింది రాజమ్మే అని పాస్టరు గారు చెప్పారు. అందరూ వెళ్ళిపోయాక రాజమ్మ నా దగ్గరికి వచ్చింది.

“ఎస్తేరుతో మాట్లాడాలనే అనుకుంటా ఉంటిని నిర్మలా. దోవలో ఎదురుపడితే మళ్ళీ తల తిప్పుకునేదాన్ని. ఆమె నాకోసం కాసేపు నిలబడేది. నేను పోయేదాన్ని.”

ఇద్దరం గట్టుమీద పక్కపక్కనే నడిచాం.

ఇప్పుడు నేను తడలో ఒక లైనుకు సూపర్‌వైజరుని. పల్లెలనుంచి బస్సుల్లో వచ్చే అమ్మాయిలు నా ముందు నిలబడి చిన్న చిన్న ముక్కలు బిగిస్తారు. కొత్తగా చేరినవాళ్ళను నేర్చుకునేవాళ్ళని రాసుకుని కనీస వేతనం కన్నా తక్కువ ఇస్తున్నారు. దానిమీద మొన్న శుక్రవారం మీటింగు పెట్టారు. నేర్చుకోవడం పని కిందికి రాదని పెద్ద మేనేజరు అన్నాడు. కూలి పెంచితే మనుషుల్ని తగ్గించాల్సి వస్తుందని ఇంకొకాయన అన్నాడు. ఆయన మాట ఊరికే బెదిరింపు కాదని నాకు తెలుసు. మేడమ్, మీరు చెప్పండి, వాళ్ళు నేర్చుకుని అసలు పనిలోకి వచ్చేది ఎన్నాళ్ళకని నన్నడిగారు. చేరిన వారంలోనే వాళ్ళని లైనులో నిలబెట్టేది నేనేనని చెప్పాను. పాతవాళ్ళు చేసినన్నీ చేయిస్తున్నానని కూడా చెప్పాను. చూస్తామన్నారు. మీటింగు అయ్యాక క్యాంటీన్‌లో నా బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు. శనివారం అమ్మాయిలు ఎప్పటిలాగే గుడ్ మార్నింగ్ మేడమ్ అని లైనులోకి వెళ్ళారు. వాళ్ళకు ఇంకా ఏమీ తెలియదు.

టీ చల్లారిపోయింది. రేపు సోమవారం. ఆ పిల్లల్లో ఎవరికి జీతం పెరుగుతుందో, ఎవరిని రావద్దంటారో, ఎవరు బస్సులో నన్ను చూసి తల తిప్పుకుంటారో నేను చెప్పలేను. ఎస్తేరమ్మ గారికీ ఆ రోజు ఏమీ తెలియదు. తెలియకుండానే చెప్పారు. చెప్పిన తర్వాత వచ్చినదాన్నంతా ఆ గుమ్మంలో కూర్చుని ఒక్కరే భరించారు. అది ఎట్లా భరించాలో మాత్రం నాకు నేర్పలేదు. అది నేర్పగలిగేది కాదేమో.