మా అన్న బడి మీద నా కుళ్ళు

ఆఫీసులో మధ్యాహ్నం ఎవరైనా డబ్బా మూత తీసినప్పుడు చిత్రాన్నం వాసన, నిమ్మకాయ పులుపూ ఇంగువా వేగిన చెనక్కాయ పప్పులూ కలిసిన ఆ వాసన ముక్కుకు తగిలితే, నాకు ఆకలి వేయదు, కడుపు మండుతుంది. ముప్పైకి దగ్గరపడినదాన్ని, నా కింద ఇద్దరు పనిచేస్తున్నారు, అయినా ఆ క్షణంలో మైదుకూరులోని మా ఇంటి గడప మీద మూతి ముడుచుకుని కూర్చున్న పిల్లనైపోతాను. అప్పట్లో మా ఇంట్లో చిత్రాన్నం అన్న డబ్బా కోసమే. పొద్దున్నే అన్నతోపాటు కడప బస్సెక్కి వెళ్ళిపోయేది. మా అమ్మ కూడా ఆ బస్సులోనే వెళ్ళిపోయేది.

అన్న పేరు మస్తాన్, నాకంటే రెండేళ్ళు పెద్ద. ఆటిజం ఉన్న పిల్లల కోసం కడపలో అప్పట్లో ఒక చిన్న బడి ఉండేది. వాడికి తొమ్మిదేళ్ళప్పుడు అందులో చేర్చారు. పిల్లవాడితోపాటు తల్లి కూడా సాయంత్రం దాకా బడి వసారాలో ఉండాలని అక్కడి పద్ధతి. మా ఊరి బడిలో రెండు తరగతులకు ఒకే గది, ఒకే సారు, ఆయన చేతిలో వేపబెత్తం. అన్న బడిలో బెత్తమే లేదు. ఇద్దరు పిల్లలకో టీచరమ్మ, గది మధ్యలో గుడ్డ ఉయ్యాల, పిసుక్కోవడానికి రంగురంగుల పిండి ముద్దలు. ఒక్కసారి అమ్మతో వెళ్ళి ఆ ఉయ్యాల చూసి వచ్చాక వారం రోజులు నేను అన్నతో మాట్లాడలేదు. వాడు ఎలాగూ మాట్లాడడు కనుక ఆ సంగతి ఎవరికీ తెలియలేదు, దానికి మరింత మండింది.

బడి నుంచి వచ్చాక నాకు మా నాయన తల్లి, జేజే దిక్కు. మా నాయన దూదేకే మిషను దగ్గర కనుబొమ్మల నిండా దూదితో రోజంతా ఉండేవాడు. జేజి ఆకువక్క నములుతూ, పరుపు గలీబులకు మూతి కట్టే బొందెలు కుడుతూ, నా జడ అల్లమంటే సగంలో వదిలేసి కునికేది. ఎండాకాలం బండలు కాలిపోతుంటే అరుగు నీడలో ఒక్కదాన్నే అచ్చనగాయలు ఆడుకుంటూ కడప బస్సు హారన్ కోసం చెవులు అక్కడే పెట్టుకునేదాన్ని. దిగగానే అమ్మ అన్న బూట్లు విప్పేది, మొహం కడిగేది, ఆ తర్వాతే నావైపు చూసేది.

ఇంట్లో గోడకు అన్న కోసం ఒక గుడ్డ పట్టీ వేలాడేది. బడివాళ్ళే ఇచ్చారు. దాని మీద ఫొటోలు పైనుంచి కిందికి వరసగా అతికి ఉండేవి: బ్రష్షు, చెంబు, పళ్ళెం, బూట్లు, బస్సు, బడి. అన్న ఒక్కో ఫొటో చూసి ఆ పని చేసి, దాన్ని పీకేసి, కిందిదానికి పోయేవాడు. ఆ వరసలో నేను ఎక్కడా లేను.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు పీర్ల పండగ వచ్చింది. వీధిలో గుండం తవ్వారు, తప్పెట్లు మోగుతున్నాయి, ఇంటింటా రొట్టెలు నలిపి బెల్లం కలిపి మలీద చేస్తున్నారు. అందరి అమ్మలూ ఇళ్ళల్లో ఉన్నారు. మా అమ్మ మాత్రం, "బడి మాన్పిస్తే వాడు తట్టుకోలేడు మే, వచ్చినాక చేస్తాలే" అంది. పట్టీ మీద బస్సు లేకపోతే ప్రయాణమే ఉండదనుకున్నాను. పొద్దున్నే బస్సు ఫొటో పీకి గౌనులో దాచి, ఖాళీ కనిపించకుండా బడి ఫొటోను పైకి జరిపాను.

అన్న బూట్లు వేసుకున్నాడు. పట్టీ చూశాడు. బూట్ల తర్వాత బడి. అమ్మ వంటింట్లో డబ్బా కడుతుండగానే కడప రోడ్డు పట్టి నడిచిపోయాడు.

"యాడికి పోయినాడే వాడు?" అంటూ అమ్మ చెప్పులు లేకుండా వీధిలోకి పరుగెత్తడం, నాయన మిషను ఆపి సైకిలెక్కడం నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. లారీలు తిరిగే రోడ్డది. నేను ఫొటో దాచిన గౌను గుప్పిట్లో పట్టుకుని గడప దగ్గరే నిలబడ్డాను. అన్న చచ్చిపోతే అమ్మ నా మొహం ఇక ఎప్పటికీ చూడదనుకున్నాను, అప్పుడు కూడా నా గురించే.

ఊరంతా వెతికాక, కడప దారిలో ఖాజీపేట ఇంకా రెండు మైళ్ళుందనగా దొరికాడు. టమోటాల ఆటో అతనొకడు వెనకాలే మెల్లగా వస్తూ కాపాడాడు. "ఎక్కప్పా అంటే ఎక్కడు, పోతానే ఉండాడు" అన్నాడట నాయనతో.

సాయంత్రం నేనే ఫొటో తీసి అమ్మకిచ్చాను. "పండక్కి నువ్వు ఇంట్లో ఉంటావని" అన్నాను. అమ్మ కొట్టలేదు, తిట్టలేదు, దాన్ని మళ్ళీ పట్టీకి అతికించింది. మర్నాడు బడి నుంచి వచ్చి, మొహం వెలిగిపోతుండగా జేజితో చెప్పింది: "రోడ్డు వారగానే అంత దూరం ఒక్కడే నడిచినాడంటే శానా నేర్చుకున్నాడని టీచరమ్మ ఎంత మెచ్చుకునిందో!" తప్పు నాది, మెప్పు వాడిది. కుళ్ళి చచ్చాను.

ఇప్పుడు ఆ బడి లేదు, అక్కడ మోటార్‌సైకిళ్ళు అమ్ముతున్నారు. ఆ టీచరమ్మలు తలా ఒక ఊరికి పోయారు. మిషను మూలన పడింది, జేజి లేదు. అన్న నాయనతో దిండ్లకు దూది కూరుతాడు, ఒక్కటీ ఎత్తు తేడా రాదు.

మొన్న ఊరికి వెళ్ళినప్పుడు, ఇన్నేళ్ళకు, అమ్మను అడిగేశాను. "అన్నేండ్లు ఆ వసారాలో పొద్దంతా కూర్చోని ఏం చేస్తాంటివి మా?"

చిక్కుడుకాయలు ఒలుస్తూ తల ఎత్తకుండానే చెప్పింది. "ఏం చేస్తాం, ఆడోళ్ళమంతా మాట్లాడుకుంటాంటిమి. వాని గురించి చెప్పేదానికి ఏముండాది, అందరి పిల్లోళ్ళూ అట్లాంటోళ్ళే గదా. నీ గురించే చెప్తాంటి. నువ్వు పద్యం చెప్పింది, జేజితో కొట్లాడింది, అలిగింది, అంతా. రోజూ 'ఈపొద్దు నీ కూతురు ఏం చేసింది' అని అడుగుతాండ్రి వాళ్ళు."

ఏం చెప్పేదానివని అడిగితే అమ్మకు ఇప్పుడు ఒక్కటీ సరిగ్గా గుర్తులేదు. ఆ ఆడవాళ్ళు ఎవరో, ఏ ఊళ్ళలో ఉన్నారో తెలియదు. మా అమ్మ నోటి నుంచి నన్ను అన్నేళ్ళు విన్నారు వాళ్ళు. అన్న మీద ఎప్పుడూ లేనంత కుళ్ళు నాకిప్పుడు వాళ్ళ మీద.